నొప్పి ఉంటే చెప్పండి

ఆ రవాణా డిపోలో ఇరవై మూడేళ్లుగా ఆమె చేసే పని ఒక్కటే, పేర్లు తీసేయడం. అందరూ ఆమెను కాగితాలమ్మ అంటారు. అసలు పేరు జీతాల పుస్తకంలో ఉంది గానీ, అక్కడినుంచి బయటికి వచ్చి తిరిగిన దాఖలా లేదు. లోకంలో అందరి పేర్లూ తుడిచే మనిషికి సొంత పేరు మాత్రం నిలుస్తుందా అని హమాలీలు వేళాకోళం చేస్తే ఆమె కూడా నవ్వి ఊరుకునేది.

ఈ పనేమిటో చెప్పాలంటే కాస్త ఓపిక కావాలి. ఒక ఊళ్లో ఒకాయన కుర్చీలు చేస్తాడు. ఇంకో ఊళ్లో ఒక షాపు వాటిని తన పేరుతో అమ్ముతుంది. మూడో ఊళ్లో ఒకావిడ కొనుక్కుంటుంది. కుర్చీ షాపు గడప తొక్కదు. చేసినాయన దగ్గర లారీ ఎక్కి నేరుగా కొన్నావిడ ఇంటిముందు దిగుతుంది. అయితే చేసినాయన ఎవరో కొన్నావిడకు తెలియకూడదు. తెలిస్తే వచ్చే ఏడు షాపును పక్కనపెట్టి ఆయన్నే అడుగుతుంది. కొన్నావిడ ఎవరో చేసినాయనకూ తెలియకూడదు. తెలిస్తే ఆయనే ఒక ఉత్తరం ముక్క రాసి బేరం కుదుర్చుకుంటాడు. మధ్యలో షాపు గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలి. అందుకని దారి మధ్యలో, డిపోలో కాగితాలమ్మ బల్ల మీద, ఆ కుర్చీ ఊరూ పేరూ మార్చుకుంటుంది.

వచ్చిన కాగితాలు తీసి షాపు పేరున్న కాగితాలు పెడుతుంది. పెట్టె మీద పాత చీటీని తడి స్పాంజితో నానబెట్టి, కత్తితో గీకి, షాపు చీటీ అంటిస్తుంది. లోపల చుట్టిన పాత వార్తాపత్రిక కూడా తీసేసి తెల్ల కాగితం కుక్కుతుంది, పత్రిక మీద ఊరి పేరు ఉంటుంది కదా. చివరికి ఒక కుంచె తీసుకుని మూలమూలలా దులుపుతుంది. చెక్కపొట్టు చూసి ఏ చెట్టో, చెట్టును బట్టి ఏ ఊరో చెప్పేవాళ్లుంటారు మరి. వ్యాపారస్తులు దీన్ని బ్లైండ్ సరుకు అంటారు. రెండు వైపులా తెలియకూడనిదైతే డబుల్ బ్లైండ్. హమాలీలకు ఈ ఇంగ్లీషు నోరు తిరగక గంతల సరుకు అని తేల్చేశారు. నిజానికి అదే సరైన పేరు.

ఆమె ఆ డిపోకు మొదట ఊడ్చే పనికి వచ్చింది. అంతకుముందు కాగితాలు మార్చే అతను ఒకసారి ఒక పాత చీటీ గీకడం మరిచిపోయాడు. కొనేవాళ్లు చేసేవాళ్లను వెతుక్కుంటూ వెళ్లారు. షాపుకు పెద్ద ఖాతా పోయింది, అతనికి ఉద్యోగం పోయింది. అన్నిటికన్నా అన్యాయం ఏమిటంటే, ఆ చేసేవాళ్లు ఏ పాపం ఎరగకపోయినా వాళ్లకు షాపు పని ఇవ్వడం మానేసింది. అప్పుడు డిపో మేనేజరు, అందరూ పెద్దాయన అనే మనిషి, వారంపాటు అందరి నోళ్లనూ గమనించాడు. రోజూ బల్లల కింద ఊడుస్తూ కాగితాలన్నీ చూసే ఈవిడ, ఒక్కదాని గురించీ ఒక్కరితోనూ అనలేదని కనిపెట్టాడు.

"అమ్మా, నీకు చదవడం వచ్చా?" అని అడిగాడు.

"వచ్చు సార్."

"చదివింది మర్చిపోవడం?"

"అదీ వచ్చు సార్."

చీపురు పక్కన పెట్టమన్నాడు.

ఆమెది మొదటినుంచీ అదే గుణం. ఆడపడుచు ఒకావిడ ఉంది, నోట్లో నువ్వుగింజ నానదు. అందుకేనేమో చుట్టాల్లో ఎవరికి ఏ గుట్టున్నా వచ్చి ఈమె చెవిలో వేసి, బరువు దించుకుని పోయేవారు. అత్తగారు బతికున్న రోజుల్లో చక్కెర జబ్బు మనిషై ఉండి కూడా మిఠాయి డబ్బా ఒకటి దాచుకునేది. ఆ చోటు కోడలికి తప్ప కన్నకొడుక్కి కూడా చెప్పలేదు. కోడలు ఆ గుట్టు చివరిదాకా కాపాడింది. అయితే రోజూ ఆ డబ్బాలోంచి సగం మాయం చేసిందీ ఆ కోడలే. అత్తగారు అది కనిపెట్టి కూడా కిక్కురుమనలేదు. అడగాలంటే డబ్బా ఉందని ఒప్పుకోవాలి కదా.

భర్త బస్సు డ్రైవరుగా రిటైరై ఏడాది దాటింది. మాటల పుట్ట. "నీతో ముప్ఫై ఏళ్లు కాపురం చేశాను. మీ డిపో గురించి నాకు తెలిసింది ఒక్కటే, అక్కడ టీ బాగుండదు" అని నిష్ఠూరమాడేవాడు.

ఆయనకు తెలియనిదేమిటంటే, ఆ డిపోకు ఏడాదికొకసారి ఒక బూట్ల పెట్టె వచ్చేది. దాని మీద నలభై ఒకటి అని ఒక అంకె ఉండేది. లోపల ఒక జత నల్లటి తోలు బూట్లు. కుడి బూటు మామూలుదే. ఎడమదానికి అడుగున రెండు వేళ్ల మందం ఎక్కువ. ఒక కాలు కురచగా ఉన్న మనిషికి కొలిచి చేసిన జత అది. షాపు పదేళ్లకిందట ఎప్పుడో ఆ కాళ్ల కొలత తీసుకుని, దానికి నలభై ఒకటి అని అంకె వేసి పంపితే, ఎక్కడో దూరాన ఒక చెప్పుల పనివాడు ఆ అంకె పేరుతో చెక్క అచ్చు చెక్కి పెట్టుకున్నాడు. ఏటా ఆ అచ్చు మీద ఒక జత. అతనికి నలభై ఒకటి ఎవరో తెలియదు. నలభై ఒకటికి అతనెవరో తెలియదు.

ఇద్దరూ తెలిసింది కాగితాలమ్మకే. చేసేవాడు కాగితం మీద పేరుగా తెలుసు. వేసుకునేవాడైతే ముఖాముఖి తెలుసు. ఎందుకంటే నలభై ఒకటి ఆమె వీధి చివర సెలూన్ నడిపే మనిషి. ఆమె భర్త అతనికి కత్తెర అని పేరు పెట్టాడు. ఈ ఊరి సరుకు డిపోలోనే ఇచ్చేస్తారు కాబట్టి, ఏటా అతనే వచ్చి పెట్టె తీసుకెళ్లేవాడు.

"ఆ షాపువాళ్ల చేతిలో ఏదో మహత్తు ఉందక్కా" అనేవాడు.

"ఇక్కడ సంతకం పెట్టు తమ్ముడూ" అనేది ఆమె. అంతే వాళ్ల సంభాషణ.

కత్తెర అంటే ఆమెకు ఎంత గౌరవమో ఆమె ఎప్పుడూ పైకి అనలేదు. కొన్నేళ్లకిందట భర్త బస్సు మెట్ల మీంచి పడి తుంటి విరిగి రెండు నెలలు మంచాన ఉన్నాడు. వాళ్లుండేది మూడో అంతస్తు. కత్తెర మూడు రోజులకొకసారి ఆ మెట్లన్నీ ఎక్కి వచ్చి, ఆయనకు గడ్డం గీసి, ఊళ్లో కబుర్లన్నీ చెప్పి నవ్వించి వెళ్లేవాడు. ఎందుకయ్యా ఈ శ్రమ అంటే, "మెట్లెక్కితే నా కాలికి మంచిదని డాక్టరు చెప్పాడక్కా" అన్నాడు. ఏ డాక్టరూ అలా చెప్పి ఉండడు. పచ్చి అబద్ధం. అంత చక్కటి అబద్ధం ఆమెతో ఎవరూ ఆడలేదు.

ఇక ఆ పెట్టెలో ఇంకో సంగతి ఉండేది. కుడి బూటు లోపల, వేళ్ల దగ్గర, బూట్ల డబ్బా అట్ట చింపి పెన్సిలుతో రాసిన ఒక చీటీ. మొదటి ఏడు దాని మీద ఇలా ఉంది: "మొదటి వారం రోజుకు రెండు గంటలే వేసుకోండి. తోలు మీ కాలిని నేర్చుకోవాలి. నొప్పి ఉంటే చెప్పండి."

చేసినవాళ్ల చేతిరాత ఏదీ కొన్నవాళ్లకు చేరకూడదన్నది నియమం. తీసి చించిపారేయాలి. ఆమె తీసేసింది. చించడానికి మాత్రం చెయ్యి రాలేదు. సొరుగులో స్పాంజిలు వచ్చిన ఖాళీ రేకు డబ్బా ఉంటే అందులో పడేసింది. రెండో ఏడు ఇంకో చీటీ, అదీ డబ్బాలోకి. ఏళ్లు గడిచేకొద్దీ చీటీలు పొట్టివయ్యాయి. తోలు నేర్చుకునే సంగతి పోయింది. రెండు గంటల సంగతి పోయింది. తొమ్మిదో ఏటికి మిగిలింది ఒక్కటే ముక్క, నొప్పి ఉంటే చెప్పండి. ప్రతిసారీ ఆమె దాన్ని చదివి, డబ్బాలో వేసి, బయట నిలబడ్డ మనిషితో సంతకం పెట్టు తమ్ముడూ అనేది. తను తీసేస్తున్నది చెత్త కాదనీ, ఒక మనిషి ఇంకో మనిషిని అడుగుతున్న ప్రశ్న అనీ ఆమెకు తట్టలేదు. అంత శ్రద్ధగా పని చేసేవాళ్లకే అలాంటి పొరపాటు జరుగుతుంది.

పదో జతతో వచ్చిన చీటీ పొడుగ్గా ఉంది.

"తొమ్మిది జతలు పంపాను. ఒక్క మాటా రాలేదు. మీరు వాడటం లేదనుకుంటాను, లేదా నేను చేసింది మీకు నప్పడం లేదు. నా చేతులూ మునుపట్లా లేవు. ఈ అచ్చు తీసేద్దామనుకుంటున్నాను. ఇదే ఆఖరి జత. నొప్పి ఉంటే చెప్పండి."

ఆ రోజు ఆమె చీటీని డబ్బాలో వేసి సొరుగు మూసింది. మళ్లీ తెరిచి చదివింది. మళ్లీ మూసింది. సాయంత్రం కత్తెర వచ్చి పెట్టె తీసుకుని వెళ్లిపోయాడు. అతను నడుస్తుంటే మునుపటికన్నా ఒక పక్కకు ఎక్కువ ఒరుగుతున్నాడని ఆమె మొదటిసారి చూసింది. పది రోజులపాటు అన్నం సయించలేదు. భర్త అడిగితే ఏంలేదంది. ఏంలేదు అనే మాట ఆ ఇంట్లో ఉప్పంత మామూలు కాబట్టి ఆయనా వదిలేశాడు.

పదకొండో రోజు ఆయన క్షవరానికి వెళ్లి సగం తలతో తిరిగొచ్చాడు. కుడివైపు చెవిదాకా నున్నగా కత్తిరించి ఉంది. ఎడమవైపు అడవిలా అలాగే ఉంది.

"నవ్వకు" అన్నాడు. "వాడు పాపం సగంలో కూర్చుండిపోయాడు. నడుం పట్టేసి ఇక లేవలేకపోయాడు. నెలాఖరుకు కుర్చీ అమ్మేస్తాడట. పక్క వీధివాడు వచ్చి చూసుకుని కూడా వెళ్లాడట."

ఆమె నవ్వలేదు.

మర్నాడు మధ్యాహ్నం సెలవు పెట్టి, టోపీ పెట్టుకున్న భర్తను వెంటబెట్టుకుని సెలూన్‌కు వెళ్లింది. చిన్న గది. ఒక అద్దం, ఒక తిరిగే కుర్చీ, గోడవారన ఒక బెంచీ. కత్తెర ఎడమ బూటు విప్పి బెంచీ మీద కూర్చుని పాదం నొక్కుకుంటున్నాడు.

"రండి అన్నా, మీ మిగతా తల సంగతి చూద్దాం" అంటూ బూటు తొడుక్కుని లేచాడు.

కుర్చీ వెనకభాగం పట్టుకుని కత్తిరించడం మొదలుపెట్టాడు. ఎడమ కాలు నేల మీద ఆనించి, దాని మీదే తిరుగుతూ, కుర్చీ చుట్టూ మెల్లగా వెళుతున్నాడు. రెండు అడుగులకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు.

"కొత్త జతే కదా అది?" అంది ఆమె.

"కొత్తదే అక్కా. మొదటి మూడేళ్లు బంగారంలా ఉండేవి. తర్వాతే మొదలైంది. వయసనుకున్నాను. రెండుసార్లు షాపుకు ఫోన్ చేశాను. అదే కొలత కదండీ అని పెట్టేశారు. పోనీ చేసేవాళ్లకు చెబుదామంటే వాళ్లెవరో, ఎక్కడుంటారో." కత్తిరించడం ఆపి అద్దంలో ఆమె వైపు చూశాడు. "ఎవరినీ అనడం లేదక్కా. కానీ ఇన్నేళ్లలో నీకు నొప్పిగా ఉందా అని అడిగిన నాథుడు లేడు."

డిపోలో రేకు డబ్బా కళ్లముందు మెదిలింది. అడిగాడయ్యా, ఏటేటా అడిగాడు, నేనే నీకు చేరనివ్వలేదు అన్న మాట గొంతుదాకా వచ్చింది. పెదవి దాటనివ్వలేదు. చెబితే ఎవరా మనిషి అని కత్తెర అడుగుతాడు. అడగడం అతని హక్కు. పేరు చెప్పాక ఈ మాటకారి మనిషి ఊరుకోడు, సాయంత్రానికి ఉత్తరం రాస్తాడు. అది షాపుకు తెలిసిన రోజున, చేతులు మునుపట్లా లేవని రాసిన ఆ పనివాడికి మిగతా అంకెల పని కూడా పోతుంది. అలా పోయినవాళ్లను ఆమె చూసింది. చెప్పకపోతే ఇక్కడ కుర్చీ పోతుంది, అక్కడ అచ్చు పోతుంది. ఆమె బెంచీ మీద కూలబడింది. కాలికి ఏదో తగిలింది.

వంగి చూస్తే బెంచీ కింద బూట్లు. వరసగా తొమ్మిది జతలు.

"పారేయడానికి మనసొప్పలేదు" అన్నాడు కత్తెర సిగ్గుపడుతూ. "మా ఆవిడ రోజూ తిడుతుంది. కానీ నన్ను నిలబెట్టింది అవే కదక్కా."

ఆమె ఒక ఎడమ బూటు తీసి తిరగేసింది. మందపాటి అడుగు ముందువైపు, చిటికెన వేలి కింద, చంద్రవంకలా అరిగి లోపలి పొర కనిపిస్తోంది. ఇంకోటి తీసింది. అదే చోట అదే అరుగు. మూడోది, నాలుగోది. నాలుగోదానినుంచి మడమ కూడా లోపలివైపు ఒరిగిపోయింది. చాలాసేపు చూసింది.

"ఇవన్నీ నాకివ్వు తమ్ముడూ. వాపసు పంపుతాను."

"తొమ్మిదేళ్లయ్యాకా? ఎవరు తీసుకుంటారక్కా?"

కుర్చీలోంచి భర్త కలగజేసుకున్నాడు. "ఇచ్చేయవయ్యా. ఎందుకడుగుతోందో మనకు ఈ జన్మకు తెలియదు."

"ఇంకో మాట" అంది ఆమె. "కుర్చీ ఇంకో నెల ఉంచుకో."

"ఎందుకక్కా?"

"ఊరికే."

కత్తెర ఆమెను ఎగాదిగా చూశాడు. ఊరికే ఏ పనీ చేయని మనిషి ఊరికే అంటోంది. సరేనన్నాడు.

లోపం ఉన్న సరుకు వాపసు వెళ్లే దారి డిపోలో ఎప్పటినుంచో ఉంది. అదీ గంతల దారే. కొన్నవాళ్ల ఆనవాళ్లన్నీ తుడిచేసి, అంకె మాత్రం ఉంచి, చేసినవాళ్లకు పంపుతారు. నలభై ఒకటి ఇన్నేళ్లలో ఒక్కసారీ వాపసు పంపలేదు. మర్నాడు ఉదయం ఆమె తొమ్మిది జతలనూ బల్ల మీద పెట్టి, ఒక్కోదానికి ఏ ఏటిదో తెలిసేలా ఒకటినుంచి తొమ్మిదివరకు చీటీ కట్టింది. తడి గుడ్డతో దుమ్ము తుడిచింది. ఒక బూటు లోపల సెలూన్ పేరున్న కాగితం ముక్క ఉంటే తీసేసింది. తర్వాత కుంచె తీసుకుంది.

కుట్ల సందుల్లో వెంట్రుకలున్నాయి. నల్లవి, నెరిసినవి, తెల్లవి, పొట్టిపొట్టి ముక్కలు, దారాల మధ్య ఇరుక్కుని. వందలమంది తలలమీంచి రాలి అతని కాళ్ల దగ్గర చేరినవి. వాటిలో కొన్ని తప్పకుండా ఆమె భర్తవి అయి ఉంటాయి. ఇలాంటివి దులపడానికే ఆ కుంచె ఉంది. ఆమె దాన్ని అలాగే పట్టుకుని నిలబడింది. ఇరవై మూడేళ్లలో ఆ చెయ్యి ఒక్కసారీ తటపటాయించలేదు. వెంట్రుకకు పేరుండదు, ఊరుండదు. కానీ చూసే కళ్లుంటే ఆ కాళ్లు పొద్దంతా ఎక్కడ నిలబడ్డాయో చెబుతుంది.

కుంచెను సొరుగులో పెట్టేసింది.

వాపసు కాగితం మీద పెద్దాయన ముద్ర కావాలి. ఆయనకు ఇప్పుడు డెబ్భై దగ్గర, కళ్లద్దాలు ముక్కు చివర ఉంటాయి. కాగితం పైకెత్తి చూశాడు.

"తొమ్మిది జతలా? లోపం అన్న గడి ఖాళీగా ఉందేమిటమ్మా? ఎవరిది లోపం?"

"నాది సార్" అంది ఆమె. రేకు డబ్బా తెచ్చి ఆయన ముందు మూత తీసింది.

ఆయన చీటీలు ఒక్కొక్కటే చదివాడు. పదోది రెండుసార్లు చదివాడు. ఆమె నిలబడే ఉంది. ఉద్యోగం పోతే పోనీ అని ఇంటినుంచే అనుకుని వచ్చింది. కానీ ఈయన నమ్మకం పోవడం ఉద్యోగం పోవడంకన్నా పెద్దదిగా అనిపిస్తోంది.

"చేతిరాత కనబడితే చించేయాలన్న నియమం పెట్టింది నేనే" అన్నాడు చివరికి. "ధరలూ అడ్రసులూ రాస్తారనుకున్నాను. ఇలాంటిది రాస్తారని తోచలేదు." చీటీలన్నీ తిరిగి డబ్బాలో పెట్టాడు. "పెట్టెలో పేరేమైనా రాశావా?"

"లేదు సార్."

"తుడిచావా?"

"దుమ్ము తుడిచాను సార్."

ఆయన లేచి ఆమె బల్ల దగ్గరికి వచ్చి, ఒక బూటు తీసి కళ్లద్దాలకు దగ్గరగా పెట్టుకుని కుట్లు చూశాడు.

"దుమ్ము ఎక్కడా లేదు" అన్నాడు. బూటు పెట్టెలో పెట్టి, ముద్ర వేసి, తన గదిలోకి వెళ్లిపోయాడు.

పెట్టె వెళ్లింది. తర్వాతి రోజులు ఆమె ఎలా గడిపిందో ఆమెకే తెలియాలి. లారీ వచ్చిన ప్రతిసారీ లేచి నిలబడేది. హమాలీలు కాగితాలమ్మకు పెళ్లిచూపులున్నాయేమో అని నవ్వుకున్నారు. పక్క వీధివాడు టేపు తెచ్చి సెలూన్ కుర్చీ కొలుచుకుని వెళ్లాడని భర్త వార్త మోసుకొచ్చాడు. కత్తెర ఇప్పుడు పొద్దుట మూడు తలలకన్నా ఎక్కువ చేయడం లేదని కూడా చెప్పాడు. అచ్చు ఈపాటికే పొయ్యిలోకి వెళ్లిందేమో అని ఆమెకు దిగులు పట్టుకుంది.

ఇరవై ఆరో రోజు ఉదయం పెట్టె వచ్చింది. నలభై ఒకటి.

ఆమె చేతులు కడుక్కుని వచ్చి తెరిచింది. చూడటానికి మునుపటి బూట్లే. ఎడమదాన్ని తిరగేస్తే అడుగు వేరే. చిటికెన వేలి కింద, ఆ చంద్రవంక అరిగే చోట, అంచు చెక్కి గుండ్రంగా తిప్పి ఉంది. మధ్యలో గట్టి తోలు బిళ్ల ఒకటి పొదిగి ఉంది, దాని మీద ఆని తిరగడానికి. మడమ లోపలివైపు గోరు మందం ఎత్తు పెరిగింది. కుడి బూటులో అట్ట చీటీ, రెండు వైపులా పెన్సిలు.

"తొమ్మిది జతలూ చూశాను. రెండు రోజులు వేరే పని ముట్టుకోలేదు. ఇంత వాడారని నాకు తెలియదు. మీరు పొద్దంతా ఒక కుర్చీ చుట్టూ తిరుగుతారు, ఎడమ కాలి మీద. నేను నడిచే మనిషికి చేశాను, తిరిగే మనిషికి చేయలేదు. నాలుగో ఏటినుంచి మీకు నడుం నొప్పి ఉండాలి. తప్పు నాది. అచ్చు తీసేయలేదు, కొత్తది చెక్కాను. మొదటి వారం రోజుకు రెండు గంటలే వేసుకోండి. నొప్పి ఉంటే చెప్పండి."

ఆమె బల్ల మీద తల వాల్చి ఏడ్చింది. సంతోషానికో, జరిగిపోయిన ఏళ్లకో, రెండింటికీనో.

నియమం నియమమే. చీటీ డబ్బాలోకి వెళ్లింది. షాపు చీటీ పెట్టె మీదికి వచ్చింది. సాయంత్రం కత్తెర సరుకిచ్చే కిటికీ దగ్గరికి వచ్చి, అడక్కుండానే కలం తీసుకున్నాడు.

"మొదటి వారం రోజుకు రెండు గంటలే వేసుకో తమ్ముడూ" అంది ఆమె.

అతని కలం ఆగింది.

"తోలు నీ కాలిని నేర్చుకోవాలి" అంది. "నొప్పి ఉంటే చెప్పు."

కత్తెర కలం కింద పెట్టాడు. కిటికీలోంచి ఆమెను చాలాసేపు చూశాడు.

"ఎవరడుగుతున్నారక్కా?"

"నేనే."

"నువ్వే" అన్నాడు అతను, నమ్మనట్టు కాదు, ఇక అడగనన్నట్టు. సంతకం పెట్టి వెళ్లాడు.

ఎనిమిదో రోజు మళ్లీ వచ్చాడు. కిటికీ ముందు ఎడమ కాలి మీద ఒక చుట్టు చుట్టాడు. ఎక్కడా ఆగలేదు, దేన్నీ పట్టుకోలేదు. హమాలీలు పని ఆపి చూశారు.

"లేదని చెప్పక్కా" అన్నాడు.

"ఎవరికి?"

"అడిగినవాళ్లకి."

కుర్చీ అమ్మలేదు. ఆమె భర్తకు ఇప్పుడు తల రెండు వైపులా ఒకేసారి అవుతోంది. లేదన్న మాటను ఆమె ఏ కాగితం మీదా రాయలేదు. ఏడాది తిరిగాక అరిగిన ఆ జతను కత్తెర తనంతట తానే వాపసుకు తెచ్చాడు. ఎడమ బూటు అడుగు నాలుగు పక్కలా సమంగా అరిగి ఉంది. కుట్ల నిండా వెంట్రుకలు. ఆమె దుమ్ము తుడిచి పంపింది.

తర్వాతి జతతో వచ్చిన అట్టముక్క చాలా చిన్నది. దాని మీద రెండే మాటలు: "నొప్పి లేదన్నమాట."

ఆ చీటీని ఆమె డబ్బాలో వేయలేదు. సంచిలో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లింది. ఇన్నేళ్లలో డిపోనుంచి ఆమె ఇంటికి తెచ్చిన కాగితం అదొక్కటే. సంచిలో ఇంటి తాళంచెవి వెతుకుతూ భర్త దాన్ని బయటికి తీశాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎవరికి లేదు నొప్పి?" అన్నాడు.

ఆమె ఏంలేదు అనబోయి ఆగింది.

"నాకు" అంది.